తెరచాపకి డీజిల్ అక్కర్లేదు కదా, మరి బందరు పడవలు ఇంజన్‌కి ఎందుకు మారాయి?

మచిలీపట్నాన్ని మనం బందరు అనే పిలుస్తాం. ఫార్సీలో బందర్ అంటే ఓడరేవు. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఈ రేవు నుంచి ఇరాన్, అరేబియా వైపు ఓడలు వెళ్లేవి. అన్నీ తెరచాప ఓడలే. ఆ రాకపోకల గుర్తులు మన మాటల్లో ఇంకా ఉన్నాయి. పడవని నిలిపే లంగరు ఫార్సీ మాట, దారి తిప్పే చుక్కాని అరబీ సుక్కాన్ నుంచి వచ్చింది. మాన్సూన్ అనే ఇంగ్లీషు మాటకి మూలం కూడా మన ఇళ్లలో రోజూ వినిపించే మౌసమ్.

ఈరోజు గిలకలదిండి హార్బర్‌కి వెళ్తే ఎటు చూసినా ఇంజన్ బోట్లే. గాలి ఫ్రీగా వస్తుంది, డీజిల్‌కి డబ్బు కట్టాలి. అయినా మత్స్యకారులు డబ్బు కట్టే దారినే ఎందుకు ఎంచుకున్నారు? ఇది తెలియాలంటే ముందు తెరచాప వేట ఎలా జరుగుతుందో చూడాలి.

గాలికీ ఒక టైమ్‌టేబుల్ ఉంది

నేల త్వరగా వేడెక్కుతుంది, త్వరగా చల్లారుతుంది. సముద్రం అలా కాదు, రెండూ నిదానమే. రాత్రి నేల చల్లబడ్డాక గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది. మధ్యాహ్నానికి నేల కాలిపోతుంటే గాలి సముద్రం నుంచి ఒడ్డుకి తిరుగుతుంది. ఎండాకాలం సాయంత్రం గుడివాడలో ఒక్కోసారి హాయిగా తగిలే చల్లగాలి ఇదే.

తెరచాప పడవ వాళ్ల డ్యూటీ టైమింగ్ కూడా దీన్నిబట్టే. తెల్లవారకముందే నేల గాలి మీద లోపలికి వెళ్లాలి, వల వేసి తీసుకుని మధ్యాహ్నం సముద్రపు గాలి మీద తిరిగి రావాలి. వల నీళ్లలో ఉన్నంతసేపు తెరచాప దించేస్తారు. పడవా వలా కలిసి నీటివాలున కదులుతుంటాయి.

మరి గాలి ఎదురైతే? ఏ తెరచాప పడవా గాలికి సూటిగా ఎదురెళ్లలేదు. కాస్త కుడికి, కాస్త ఎడమకి వంకర టింకరగా పోతూ ముందుకి జరుగుతుంది. పక్కగాలికి పడవ కొట్టుకుపోకుండా నీళ్లలోకి ఒక చెక్క పలక దించుతారు. తెరచాప లాగుతుంది, పలక ఆపుతుంది, ఈ రెండింటి మధ్య పడవ ముందుకే పోతుంది. కాకపోతే దూరం పెరుగుతుంది, టైమ్ పడుతుంది.

ఏ పడవ దేనికి?

మన తీరంలో పాత పడవలు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది తెప్ప. తేలికపాటి దుంగలను తాళ్లతో కట్టేది. దుంగల సందుల్లోంచి నీళ్లు పోతాయి కాబట్టి ఇది నిండి మునిగేది కాదు. ఒడ్డుకి వచ్చాక విప్పి ఆరబెట్టుకోవచ్చు. రెండోది పలకలతో కట్టిన నావ. వలలు, మనుషులు ఎక్కువ పడతారు. మూడోది మసూలా పడవ. ఇందులో పలకలని మేకులతో కొట్టరు, కొబ్బరి పీచు తాడుతో కుట్టేస్తారు. పెద్ద అల వచ్చి ఇసుక మీద పడేసినా పగలకుండా వంగి సర్దుకుంటుంది. మద్రాసులో హార్బర్ కట్టకముందు ఓడల నుంచి సరుకునీ మనుషుల్నీ ఒడ్డుకి చేర్చింది ఈ పడవలే.

ఇప్పుడు వీటి చోట ఫైబర్ బోట్లు వచ్చాయి. 2004 డిసెంబర్ 26 సునామీ తర్వాత ఈ మార్పు ఇంకా వేగంగా జరిగింది.

లెక్క ఎక్కడ తేడా వస్తోంది

నేను చదివింది బీకాం కాబట్టి దీన్ని ఖాతా పుస్తకంలా చూస్తాను. ఇంజన్ బోటుకి డీజిల్ ఖర్చు చేప పడకముందే మొదలవుతుంది. వల ఖాళీగా వచ్చినా ఆ డబ్బు తిరిగి రాదు. చేతిలో డబ్బు లేనివాళ్లు చేపలు కొనే వ్యాపారి దగ్గర అడ్వాన్స్ తీసుకుంటారు. అడ్వాన్స్ తీసుకున్నాక సరుకు ఆయనకే, ఆయన చెప్పిన రేటుకే ఇవ్వాలి. అంటే డీజిల్ అసలు ఖరీదు బంకులో రాసి ఉన్న రేటు కంటే ఎక్కువ. రాష్ట్ర ప్రభుత్వం 2019 నవంబర్ నుంచి లీటరుకి 9 రూపాయల సబ్సిడీ ఇచ్చినా ఈ ముడి పూర్తిగా విడిపోలేదు.

తెరచాపకి ఈ అప్పు లేదు, కానీ వేరే ఖర్చు ఉంది. అది టైమ్. గాలి ఆగితే తెడ్డు వేయాలి. ఆలస్యమైతే చేప మెత్తబడుతుంది, వేలంపాట అయిపోతుంది. ఒడ్డు దగ్గర చేప తగ్గేకొద్దీ దూరం పోవాలి, అంత దూరం ఒక్క పూటలో గాలి మీద వెళ్లి రావడం కష్టం. ఏటి ముఖద్వారంలో ఇసుక మేట వేస్తే పోటు ఉన్నప్పుడే లోపలికి రావాలి, ఆ టైమ్‌కి గాలి మన మాట వినదు. ఇవన్నీ కలిపి చూస్తే ఇంజన్ కొన్నవాళ్లది తప్పు లెక్కేమీ కాదు.

చట్టం ఏం చెబుతోంది

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అని ఈ రూల్ పెట్టారు. మరబోట్లు, మోటారు బోట్లు రెండూ ఆగాలి. ఇంజన్ లేని సంప్రదాయ పడవలకి మాత్రం మినహాయింపు ఉంది. నిషేధ కాలంలో అర్హులైన కుటుంబాలకి ఇచ్చే భృతిని 2025లో 20 వేల రూపాయలకి పెంచారు.

ఇంకో విషయం కూడా ఉంది. మన రాష్ట్రంలో 1994 నాటి చట్టం కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల వరకు ఉన్న సముద్రం సంప్రదాయ పడవలది. మరబోట్లు అక్కడ వల లాగకూడదు. చిన్న పడవవాళ్లకి ఇది దయతో ఇచ్చింది కాదు, వాళ్ల హక్కు.

ప్రాణం సంగతి

దివిసీమలో ఈ టాపిక్ ఎక్కడ మొదలుపెట్టినా చివరికి 1977 నవంబర్ 19 దగ్గరకే వస్తుంది. ఆ ఉప్పెనలో దాదాపు 10 వేల మంది పోయారని అధికారిక లెక్కలే చెప్పాయి. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లకి ఊళ్లే కొట్టుకుపోయాయి.

ఇప్పుడు మచిలీపట్నంలో వాతావరణ శాఖ రాడార్ ఉంది, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అలల గురించి ముందుగానే చెబుతోంది. సముద్రంలో గాలి గంటకి 45 కిలోమీటర్లు దాటేలా ఉంటే వేటకి వెళ్లొద్దని హెచ్చరిక వస్తుంది. ఇంజన్ బోటు ఆ కబురు విని త్వరగా తిరగగలదు. తెరచాప పడవకి ఆ వేగం లేదు కాబట్టి హెచ్చరిక వచ్చే రోజు బయల్దేరకపోవడమే దాని రక్షణ. సముద్రంలో ఆపద వస్తే కోస్ట్‌గార్డ్ నంబర్ 1554, ఇది ప్రతి పడవవాళ్ల ఫోన్‌లో ఉండాలి.

పూర్తిగా పోవాలా?

2023లో పిక్సిస్ ఓషన్ అనే పెద్ద సరుకు ఓడకి 37.5 మీటర్ల ఎత్తున్న రెండు రెక్కలు బిగించి చైనా నుంచి బ్రెజిల్‌కి నడిపారు. ఇంజన్ ఉన్న ఓడే, ఇంధనం మిగల్చడానికి గాలి సాయం తీసుకుంది. మన ఫైబర్ బోట్లకి కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. పొద్దున ఇంజన్ మీద వెళ్లినా, మధ్యాహ్నం సముద్రపు గాలి ఎలాగూ ఒడ్డుకే తోస్తుంది. ఒక చిన్న తెరచాప ఉంటే తిరుగు ప్రయాణంలో కొంత డీజిల్ మిగులుతుంది. ఇంజన్ నడిసముద్రంలో ఆగిపోతే ఇంటికి చేర్చేది కూడా ఆ గుడ్డ ముక్కే.

కానీ గాలిని చూసి తెరచాప కట్టడం పుస్తకంలో నేర్చుకునే పని కాదు. అది తెలిసినవాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. వాళ్ల పక్కన కూర్చుని కుర్రాళ్లు నేర్చుకోవాల్సిన టైమ్ ఇదే.