కుర్చీలాటలో తగ్గాల్సింది ఏది?

షోలాపూర్ తూర్పు భాగంలోని మా నేతపేటల్లో పుట్టినరోజు అంటే కేకు కోశాక కుర్చీలాట ఉండాల్సిందే. మరాఠీ నేస్తాలు కలిస్తే అదే 'సంగీత్ ఖుర్చీ'. ఇరుకిళ్లలో అయిదారు కుర్చీలు ఎక్కడివి? సందులో సుద్దముక్కతో గళ్లు గీసి, స్టీలు పళ్లెం మోగిస్తూ ఆడేస్తారు. పక్క కార్ఖానా మరమగ్గాల చప్పుడులో ఫోను పాట ఎలాగూ వినపడదు.

పదవులు చేతులు మారినప్పుడల్లా పత్రికల శీర్షికల్లో ఈ మాటే కనిపిస్తుంది. దాన్నే ఒకరోజు తెలుగు పాఠంగా తీసుకున్నాం. ఉదాహరణలకు కొదవ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 1978 మార్చి నుంచి 1983 జనవరి లోపు చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి వరుసగా ముఖ్యమంత్రులయ్యారు. మహారాష్ట్రలో 2019 నవంబరు 23న ప్రమాణం చేసిన ఫడ్నవీస్ 26న రాజీనామా చేస్తే, 28న ఉద్ధవ్ ఠాక్రే వచ్చారు. మన షోలాపూర్ సుశీల్‌కుమార్ షిండే అయితే 2004 నవంబరులో ఇక్కడ ముఖ్యమంత్రి కుర్చీ దిగి, అదే నెలలో హైదరాబాదులో గవర్నరు కుర్చీ ఎక్కారు. ఒక ఇంట్లో ఆడి ఇంకో ఇంట్లో కూర్చోవడం మా సందు ఆటలో మాత్రం చెల్లదు!

"వీటిలో ఒక్క కుర్చీ కూడా తగ్గలేదు కదా టీచర్?" అని వెనక బెంచీ నుంచి ప్రశ్న వచ్చింది.

నిజమే. ఆట ప్రాణమంతా విడతకో కుర్చీ తీసేయడంలోనే ఉంది. పత్రికల వాడుకలో మనుషులు మారతారు, కుర్చీ కదలదు. పేర్లు కూడా ఎటెటో పోయాయి. జర్మన్లు దీన్ని 'జెరూసలేం ప్రయాణం' అంటారు, అందులో కుర్చీ ఊసే లేదు. జపాను వాళ్లది 'కుర్చీ పట్టే ఆట', అందులో పాట లేదు.

సరైన వాడుక రాసుకు రమ్మంటే మర్నాడు ఒక అమ్మాయి తెచ్చిన వాక్యం ఇది: "చాదర్ల గిరాకీ పడిపోయి కార్ఖానాలో రెండు మగ్గాలు ఆపేశారు, ఇప్పుడు మా నాన్నవాళ్లు కుర్చీలాట ఆడుతున్నారు." వ్యాకరణంలో దిద్దాల్సింది ఏమీ కనబడలేదు. ఇంకొకరు బడి గురించే రాశారు. పిల్లలు తగ్గితే తుకడీ పోతుంది, తుకడీ పోతే మాస్తరు పోస్టు పోతుంది. ఏటా సంచమాన్యత వచ్చే రోజుల్లో మా స్టాఫ్ రూములో ఎవరూ పెద్దగా మాట్లాడరు. అది పిల్లలు గమనిస్తున్నారని మాకు ఆ రోజే తెలిసింది.

రెండు వాక్యాలనూ నల్లబల్ల మీద రాయించాం. వచ్చే వారానికి 'పడుగూ పేకా' ఇచ్చాం. ఇంట్లో అడిగి రమ్మన్నాం.