మగ్గము ఆగిన నాడు

ఇంగ్లీషువారు ‘మాడపోలం’ అని పిలిచిన నూలుబట్టకు ఆ పేరు మన నరసాపురము చెంతనున్న మాధవాయపాలెమునుండి వచ్చినది. అచ్చటను, ఇంజరములోను, బెండమూర్లంకలోను తూర్పు ఇండియా కంపెనీవారికి బట్టల కోఠీలుండెడివి. నేతగాండ్రకు ముందుగా బయానా ఇచ్చి, గడువునకు బట్టలు పుచ్చుకొనెడివారు. ఆ బయానా వారికి ఆధారము; సంకెలయు నదియే.

అంతలో ఇంగ్లండు మరబట్ట చౌకయైనది. 1833 నాటి శాసనముతో కంపెనీ వర్తకమే ముగిసినది. కొనువాడు లేక పెక్కు మగ్గములు ఆగినవి. ఆ కాలముననే కరవు కూడ వచ్చినది. 1844లో హెన్రీ మాంట్‌గొమరీ జిల్లా దుస్థితిని విచారించి నివేదిక వ్రాసెను. ధవళేశ్వరపు ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది.

కోఠీ బేరము నిలిచియుండినచో ఏమగును? బయానా సంకెలయు నిలిచియుండును. ఆనకట్ట ఇరువది యేండ్లు ముందే వచ్చియుండినచో? మగ్గము విడిచినవానికి చేనిలో కూలియైనను దొరకియుండును. కాబట్టి పోయిన పనిని తలచి వగచుటకంటె, నడిమి కాలమును తలచుట మేలు. పని పోయిన దినముకంటె, మరియొక పని చేతికందు వరకు గడుపవలసిన దినములే సంసారమును కూల్చును. నేడు కార్ఖానా మూయువారును, మూయించువారును మొదట ఆ దినములను లెక్కింపవలెనని మనము కోరుదము.