మహానంది కోనేరు చెప్పే భూతాప పాఠం

జనవరి తెల్లవారుజామున మహానంది గుడి కోనేట్లోకి దిగితే నీళ్లు గోరువెచ్చగా తగులుతాయి. అవే నీళ్లు మే నెల మధ్యాహ్నం ఒళ్లంతా చల్లబరుస్తాయి. నంద్యాల, ఆళ్లగడ్డ వాళ్లందరికీ ఇది అనుభవమే. నిజానికి ఆ నీళ్ల వేడి ఏడాది పొడవునా దాదాపు ఒక్కటే. మారేది పైనున్న గాలి.

నల్లమల మీద కురిసిన వాన రాతి పగుళ్లలోకి ఇంకి, కొండ మొదట్లో ఊటగా పైకి వస్తుంది. నేలలో పది మీటర్లు దిగితే ఎండాకాలం, చలికాలం తేడా అందదు. ఆ ప్రాంతపు ఏడాది సగటు ఉష్ణోగ్రతే అక్కడ ఎప్పుడూ ఉంటుంది. నంద్యాల వైపు అది సుమారు 28 డిగ్రీలు. ఇంకా లోతుకు వెళ్తే కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది.

ఆ లోతు వేడితో బతికే ఊళ్లున్నాయి. ఫ్రాన్స్‌లోని షోద్-ఏగ్‌లో 82 డిగ్రీల ఊటనీటిని 14వ శతాబ్దం నుంచే గొట్టాల ద్వారా ఇళ్లకు పంపి వెచ్చబరుచుకున్నారు. ఐస్‌లాండ్‌లో నేడు పదిళ్లలో తొమ్మిదింటికి భూతాపమే ఆధారం. మన గోదావరి లోయలోనూ వేడి ఊటలున్నాయి. మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి సంస్థ బోరులోంచి వచ్చే వేడినీటితో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రం పెట్టింది.

నంద్యాలలో ఇల్లు వెచ్చబరుచుకోవాల్సిన అవసరం ఎవరికుంది? మనకు కావలసింది చల్లదనం. అందుకు లోతు వేడి అక్కర్లేదు, ఆ 28 డిగ్రీలే అసలు ఆస్తి. ఏసీ గదిలోని వేడిని బయటి గాలిలోకి నెడుతుంది. బయట 43 డిగ్రీలుంటే ఆ పని కష్టమై కరెంటు ఎక్కువ కాలుతుంది. వంద మీటర్ల బోరులో ప్లాస్టిక్ గొట్టాన్ని యూ ఆకారంలో దింపి, అందులో నీటిని తిప్పుతూ ఆ వేడిని నేలలోకి పంపితే కంప్రెసర్‌కు భారం చాలా తగ్గుతుంది. చలిదేశాల్లో ఇదే యంత్రం తిరగబడి పనిచేస్తుంది. ఒక యూనిట్ కరెంటుతో నేలలోంచి తోడి మూడు, నాలుగు యూనిట్ల వేడిని ఇంట్లోకి ఇస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. చలిదేశాల వాళ్లు చలికాలంలో నేలనుంచి తీసుకున్న వేడిని వేసవిలో తిరిగి ఇచ్చేస్తారు. మనం ఇవ్వడమే తప్ప తీసుకోం. అందుకే బోరు చుట్టూ నేల ఏటేటా వేడెక్కిపోతుంది, పక్కనుంచి భూగర్భజలం పారుతూ ఆ వేడిని మోసుకుపోతే తప్ప. కొండల నుంచి నీరు దిగే చోట ఆ అవకాశం ఎక్కువ.

అలాగని కోనేటి దరిదాపుల్లో బోరు వేయకూడదు. గొట్టంలోని నీరు గొట్టంలోనే తిరిగినా, తవ్వకం ఊటను పోషించే పగులును తెంచవచ్చు. కోనేటి నీటితో పచ్చగా ఉన్న అరటితోటల మీదా ఆ దెబ్బ పడుతుంది. గుడికి దూరంగా, పట్టణంలో కొత్తగా కట్టే ఆసుపత్రులు, హాస్టళ్లే దీనికి తగినవి. పునాది తీసే ముందే ఒక పరీక్ష బోరు వేసి, రెండు మూడు రోజులు లెక్కగట్టిన వేడిని లోపలికి పంపి, తిరిగొచ్చే నీటి ఉష్ణోగ్రత చూస్తే ఎన్ని బోర్లు కావాలో, ఖర్చు గిట్టుతుందో లేదో తేలిపోతుంది.