పొక్కు మానుతుంది... అనుమానమే మానదు!

పెళ్లయిన ఆరేడేళ్లకు భర్తకో, భార్యకో జననాంగాల దగ్గర నీటి పొక్కులు లేస్తే... ఆ ఇంట్లో ముందుగా పుట్టేది అనుమానం. జననాంగ హెర్పిస్ విషయంలో ఆ అనుమానానికి చాలాసార్లు ఆధారమే ఉండదు. ఎందుకంటారా? చదవండి.

బస్టాండు గోడల మీద, రైల్వే స్టేషన్ మరుగుదొడ్ల తలుపుల మీద చిన్నచిన్న స్టిక్కర్లు కనిపిస్తుంటాయి. 'రహస్య వ్యాధులకు గ్యారంటీ చికిత్స' అని. ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో డాక్టరుగారు ఉంటారంటూ కరపత్రాలూ పంచుతుంటారు. ఇన్నేళ్లుగా ఈ వ్యాపారం సాగుతోందంటే దానికి పెట్టుబడి మన సిగ్గే. చేతి మీద పుండు పడితే పదిమందికి చూపిస్తాం. అక్కడ పడితే మాత్రం కట్టుకున్నవాళ్లకి కూడా చెప్పం.

అలా దాచుకునే జబ్బుల్లో ముందు వరసలో ఉండేది జననాంగ హెర్పిస్. నిజానికిది అరుదైనదేం కాదు. 2020 నాటికి ప్రపంచంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసువారిలో 84.6 కోట్ల మందికి ఈ ఇన్‌ఫెక్షన్ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరికి పైనే! వీరిలో ఆ ఏడాది ఒక్కసారైనా లక్షణాలు కనిపించినవారు సుమారు 20 కోట్ల మంది. మిగతావారిలో చాలామందికి తమకు జబ్బుందన్న సంగతే తెలియదు.

ఇద్దరు అన్నదమ్ములు

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌లో రెండు రకాలున్నాయి. టైప్-1 ఎక్కువగా నోటి దగ్గర కనిపిస్తుంది. జ్వరం వచ్చి తగ్గాక పెదవి అంచున పొక్కులు లేచి మూతి పేలుతుందే... అది చాలావరకు దీని పనే. చిన్నప్పుడే, ఇంట్లోవాళ్ల లాలాజలం ద్వారా చాలామందికి సోకుతుంది. టైప్-2 లైంగిక సంబంధాల ద్వారా వస్తుంది. అయితే నోటి దగ్గరుండే టైప్-1 కూడా ముఖరతి వల్ల జననాంగాలకు చేరుతుంది. పైన చెప్పిన 84.6 కోట్ల మందిలో దాదాపు 37.6 కోట్ల మందికి ఉన్నది టైప్-1.

మన పల్లెల్లో 'సర్పి' అని పిలిచే జబ్బు వేరు. దానికీ హెర్పిస్ అనే పేరుంది గానీ, అది ఆటలమ్మ వైరస్ తిరగబెట్టడం వల్ల వచ్చేది. దీనితో సంబంధం లేదు.

నరాల్లో నిద్ర

ఈ వైరస్ చర్మంలోంచి నరాల్లోకి పాకి, వెన్నెముక కింది భాగంలోని నరాల ముడుల్లో దాక్కుంటుంది. అక్కడ నెలలు, ఏళ్లు నిద్రపోతుంది. జ్వరం, నెలసరి, బాగా అలసట, మానసిక ఒత్తిడి లాంటివి ఎదురైనప్పుడు మేల్కొని, అదే నరం వెంట మళ్లీ చర్మం మీదికొస్తుంది.

అసలు విషయం ఇక్కడే ఉంది. మొదటిసారి సోకినప్పుడు పొక్కులు రావాలనేం లేదు. ఎప్పుడో పెళ్లికి ముందు సోకిన వైరస్ కూడా ఏళ్ల తర్వాత మొదటిసారి బయటపడొచ్చు. లక్షణాల్లేని భార్య నుంచి భర్తకో, భర్త నుంచి భార్యకో సోకొచ్చు. పొక్కులు ఎవరికి ముందు కనిపిస్తే జబ్బు తెచ్చింది వాళ్లేనని చెప్పడానికి లేదు. ఎప్పుడు సోకిందో, ఎవరి నుంచి సోకిందో తేల్చే రక్తపరీక్ష కూడా లేదు.

గుర్తుపట్టేదెలా?

సోకిన 2 నుంచి 12 రోజుల్లో లక్షణాలు కనిపించొచ్చు. ముందు దురద, చిమచిమ. తర్వాత గుంపుగా చిన్న నీటి పొక్కులు. అవి చిట్లి పుండ్లవుతాయి, బాగా నొప్పి పెడతాయి. మొదటిసారి జ్వరం, ఒళ్లునొప్పులు, గజ్జల్లో బిళ్లలు కట్టడం, మూత్రం పోసేటప్పుడు మంట ఉండొచ్చు. పూర్తిగా మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తిరగబెట్టినప్పుడు ఇంత బాధ ఉండదు, త్వరగా తగ్గుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ రావడమూ తగ్గుతుంది.

నొప్పి లేని పుండైతే సిఫిలిస్ అనుమానించాలి. అందుకే డాక్టర్లు సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేయించమంటారు. టైప్-2 ఉన్నవారికి హెచ్‌ఐవీ సోకే ముప్పు దాదాపు మూడింతలు.

పుండు తాజాగా ఉన్నప్పుడు దాని నుంచి తీసిన స్రావంతో చేసే పీసీఆర్ పరీక్ష నమ్మదగినది. గర్భస్రావమైతే మన దగ్గర తరచూ రాసే 'టార్చ్' పరీక్షలో హెర్పిస్ కూడా ఉంటుంది. అందులో ఐజీఎం పాజిటివ్ అని వచ్చినంత మాత్రాన కొత్తగా సోకిందని కాదు. ఆ కాగితం పట్టుకుని కాపురంలో గొడవ పడితే అంతకన్నా పొరపాటు లేదు.

మందుందా?

వైరస్‌ని ఒంట్లోంచి పూర్తిగా తరిమేసే మందు లేదు, టీకా కూడా ఇంకా రాలేదు. అలాగని చేతులెత్తేయక్కర్లేదు. ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్ మాత్రలు పుండ్లను త్వరగా మాన్పుతాయి. ఎసైక్లోవిర్ తయారీకి దారితీసిన పరిశోధనల్లో ముఖ్యురాలైన గెర్‌ట్రూడ్ ఎలియన్‌ 1988లో నోబెల్ అందుకున్నారు.

మాత్రలు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. మాటిమాటికీ తిరగబెడుతుంటే డాక్టర్లు రోజూ వేసుకోమంటారు. దంపతుల్లో ఒకరికి టైప్-2 ఉంటే, వారు రోజూ వాలసైక్లోవిర్ వాడటం వల్ల రెండోవారికి సోకడం దాదాపు సగానికి తగ్గిందని 2004లో వెలువడిన ఓ అధ్యయనం తేల్చింది.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే తామర ట్యూబులు మాత్రం రాయొద్దు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. అది హెర్పిస్‌ పుండ్లను ముదరబెడుతుంది.

కడుపుతో ఉంటే...

పాత ఇన్‌ఫెక్షన్ అయితే తల్లి రక్తంలోని యాంటీబాడీలు బిడ్డను కాపాడతాయి. ముప్పు చాలా తక్కువ. నెలలు నిండే సమయంలో కొత్తగా సోకితేనే ప్రమాదం. కాబట్టి పుండ్లున్నా, ఇంతకుముందు వచ్చినా గైనకాలజిస్టుకు చెప్పాలి. నొప్పులు మొదలయ్యే వేళకు పుండ్లుంటే సిజేరియన్ చేస్తారు.

ఇవి గుర్తుంచుకోండి

* పుండ్లు, చిమచిమ ఉన్నన్నాళ్లూ కలయిక వద్దు. మిగతా రోజుల్లో కండోమ్ వాడితే ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు.
* మూతి పేలినప్పుడు పసిపిల్లల్ని ముద్దాడొద్దు.
* మరుగుదొడ్డి సీటు, సబ్బు, దుప్పట్ల ద్వారా సోకుతుందన్న భయం అక్కర్లేదు.
* పుండును తాకితే చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ చేత్తో కళ్లు నలుపుకోవద్దు.
* ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో చర్మ, సుఖవ్యాధుల విభాగాలుంటాయి. సురక్ష క్లినిక్కుల్లో కౌన్సెలింగ్ ఉచితం. దంపతులిద్దరూ కలిసే వెళ్లండి. ఒకరి జబ్బు గురించి రెండోవారు డాక్టరు నోటే వింటే సగం గొడవలు అక్కడే ఆగుతాయి.