ఒక బొటనవేలు, అయిదుగురు ఆటగాళ్ళు

1978లో అటారీ కంపెనీ తన ఇంటి వీడియో గేమ్ పెట్టెకు ‘బాస్కెట్‌బాల్’ అనే క్యాట్రిడ్జ్ తెచ్చింది. రాసినవాడు అలన్ మిల్లర్. బాస్కెట్‌బాల్‌లో జట్టుకు అయిదుగురు ఉంటారు కదా, ఇందులో మాత్రం అటొకడు, ఇటొకడు. అలన్ మిల్లర్‌కు లెక్క తెలియక కాదు. ఆ పెట్టెలో టీవీ మీద బొమ్మ గీసే చిప్‌కు మనిషి లాంటి ఆకారాలు రెండే ఇచ్చారు. మొత్తం యంత్రానికి ఉన్న ర్యామ్ 128 బైట్లు. తెలుగు అక్షరాలను కంప్యూటర్లు ఇవాళ దాచుకునే తీరులో దాస్తే ఈ వాక్యం కూడా అందులో పట్టదు.

ఇద్దరే ఉన్నందువల్ల ఒక గొడవ తప్పింది. చేతిలో ఒక జాయ్‌స్టిక్, దానికి ఒక బటన్, తెర మీద మనవాడు ఒకడు. జాయ్‌స్టిక్ ఎటు వంచితే వాడు అటు పోతాడు. ‘ఇప్పుడు నేను ఎవరిని?’ అన్న ప్రశ్నే రాదు. 1983లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ విడుదల చేసిన ‘వన్ ఆన్ వన్’ కూడా అంతే. పేరుమోసిన బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు జూలియస్ ఎర్వింగ్ ఒకవైపు, లారీ బర్డ్ మరోవైపు. పగిలిన బోర్డు గాజుముక్కలను ఊడ్చే మనిషిని కూడా తెర మీదికి తెచ్చారు గాని, జట్టులోకి ఇంకొక ఆటగాడిని తేలేదు.

చిక్కంతా అయిదుగురూ వచ్చాక మొదలైంది. కొనామీ వారి ‘డబుల్ డ్రిబుల్’ 1986లో ఆర్కేడ్లలోకి వచ్చేసరికి కోర్టు నిండా జనం. చేతిలో జాయ్‌స్టిక్ మాత్రం ఒక్కటే. మన తోలుబొమ్మలాటలో ఆడించే చెయ్యి ఖాళీ లేనప్పుడు బొమ్మను తెరకు గుచ్చి నిలబెట్టేస్తారు, కథ ఆగదు. బాస్కెట్‌బాల్‌లో ఆ సదుపాయం లేదు. బంతి లేనివాడు కూడా పరుగెత్తాలి, తన వంతు ప్రత్యర్థిని కాచుకోవాలి, రీబౌండ్‌కు ఎగరాలి. కాబట్టి మిగతా నలుగురినీ ప్రోగ్రామే ఆడించాలి. ఆటోమేటిక్ అనేది ఈ ఆటల్లోకి సోమరుల కోసం వచ్చింది కాదు. అది లేకపోతే అసలు ఆటే లేదు.

బంతి మనదైనప్పుడు తేలికే: బంతి ఎవరి దగ్గరుంటే వాడే మనం. పాస్ ఇస్తే మనమూ బంతితో పాటే వెళ్ళి అందుకున్నవాడిలో చేరతాం. బంతి అవతలివాళ్ళ చేతికి వెళ్ళినప్పుడు ఏం చెయ్యాలన్నదే అసలు తగాదా. ఒక పద్ధతి, బంతికి ఎవరు దగ్గరుంటే వాడి పగ్గాలు తనంతట తానే మన చేతికివ్వడం, అంటే ఆటో స్విచ్. వినడానికి బాగానే ఉంటుంది. ఆడి చూస్తే తెలుస్తుంది. ప్రత్యర్థి మూలన ఉన్న తనవాడికి బంతి విసిరాడనుకోండి. ఆ క్షణంలో మన బొటనవేలు కంట్రోలర్ మీది కర్రను ఎడమకు నొక్కి ఉంది. పగ్గాలు ఠక్కున మూలనున్న డిఫెండర్‌కు మారతాయి. వేలు ఇంకా ఎడమకే నొక్కి ఉంది కాబట్టి, అప్పటిదాకా ప్రోగ్రాం చెప్పుచేతల్లో బుద్ధిగా నిలబడ్డవాడు కాస్తా ఎడమకు పరుగు తీస్తాడు. కాచుకోవలసిన మనిషి ఖాళీ. మూడు పాయింట్లు.

ఇందులో ఆడేవాడి తప్పు లేదు. కంటికి కనిపించినదానికి వేలు స్పందించడానికి మనిషికి సుమారు పావు సెకను పడుతుంది. ఆట సెకనుకు 60 చిత్రాల చొప్పున నడుస్తుంటే, మన మెదడు ‘ఓహో, ఇప్పుడు నేను వాడిని’ అనుకునే లోపు 15 చిత్రాలు దొర్లిపోతాయి. అందుకే చెయ్యి తిరిగినవాళ్ళు ఆటో స్విచ్‌ను ఆపేసి, బటన్ నొక్కి తామే మారతారు. ఒక బటన్ పట్టుకోగానే జట్టులో ఒక్కొక్కరి తల మీదా ఒక్కొక్క బటన్ గుర్తు కనిపించే పద్ధతి కూడా ఉంది; ఎవరు కావాలో నేరుగా వాడికే వెళ్ళవచ్చు. నేర్చుకోవడం కష్టమే. కాని ఇప్పుడు నేనెవరినో నిర్ణయించుకునేది నేను.

1993లో మిడ్‌వే వారి ‘ఎన్‌బీఏ జామ్’ ఈ తగాదాను పక్కకు తోసేసింది. జట్టుకు ఇద్దరు, మిషన్‌కు నాలుగు జాయ్‌స్టిక్‌లు, నాణెం వేసిన ప్రతివాడికీ ఒక్క ఆటగాడు. పాస్ ఇచ్చినా నువ్వు నువ్వే. జోడీ లేకుండా ఒక్కడివే ఆడితే రెండోవాడిని ప్రోగ్రాం నడుపుతుంది, కాని నీ మాట వింటుంది: పాస్ బటన్ నొక్కితే బంతి ఇస్తాడు, షాట్ బటన్ నొక్కితే వేస్తాడు. పూర్తి ఆటో కాదు, పూర్తి మాన్యువల్ కాదు, కేకేసి ఆడించడం. ఈ ఏర్పాటు నాకు మహా ఇష్టం. నిజంగా కోర్టులో తోటివాడితో మనం చేయగలిగేదీ అంతే కదా. దీన్ని తయారుచేసిన మార్క్ టర్మెల్ డెట్రాయిట్ పిస్టన్స్ అభిమాని. తన జట్టు మీద చికాగో బుల్స్ ఆఖరి క్షణంలో వేసే షాట్లు తప్పిపోయేలా ప్రోగ్రాంలో రహస్యంగా రాశానని ఆ తర్వాత ఎప్పుడో బయటపెట్టాడు. బుల్స్ తరఫున ఆడి గుడ్లు తేలేసిన పిల్లలంతా తమ వేలినే తిట్టుకుని ఉంటారు.

ఆ దొంగ లెక్క సంగతి వదిలేసినా, షాట్ పూర్తిగా వేలి చేతిలో ఉండదు. నేటి ఆటల్లో బటన్ వదిలిన సమయంతో పాటు ఆ ఆటగాడి సామర్థ్యం, దూరం, ఎదుటివాడు ఎంత దగ్గరగా చెయ్యెత్తాడు అన్నవన్నీ కలిపి ఫలితం తేలుస్తారు. ‘ఎన్‌బీఏ 2కే’ ఆటల్లో వేలి వంతును పూర్తిగా తీసేసి, అసలు ఆటగాడి నిజమైన శాతాల ప్రకారమే బంతి పడేలా పెట్టుకునే వీలు కూడా ఉంది. మరోవైపు వేలికి పని పెంచినవాళ్ళూ ఉన్నారు. కంట్రోలర్‌కు రెండో కర్ర వచ్చాక, 2002లో ‘ఎన్‌బీఏ లైవ్ 2003’ డ్రిబ్లింగ్ విన్యాసాలను కుడి కర్రకు అప్పగించింది. 2005లో ‘2కే6’ షాట్‌ను కూడా ఆ కర్రకే ఇచ్చింది: వెనక్కి లాగి, సరైన క్షణంలో వదలాలి.

2020 సెప్టెంబరులో ‘2కే21’ ఇంకో అడుగు వేసింది. కర్రతో షాట్ వేస్తే క్షణం కుదరడం చాలదు, కుడి ఎడమల గురి కూడా కుదరాలంది. బంతులు గోడకు విసిరినట్టు పోయాయి. జనం గగ్గోలు పెట్టారు. గోల పెట్టినవాళ్ళలో ఆ ఆట అట్ట మీద బొమ్మగా ఉన్న అసలు ఆటగాడు డేమియన్ లిల్లార్డ్ కూడా ఉన్నాడు. 2019లో ఓక్లహోమా సిటీ జట్టు మీద ఆఖరి క్షణంలో 37 అడుగుల నుంచి బంతి వేసి సిరీస్ ముగించిన మనిషి, తన పేరున్న ఆటలో షాట్ పడక దీన్ని సరిచెయ్యండని మొరపెట్టుకున్నాడు. కొద్ది రోజుల్లోనే కంపెనీ తేలిక స్థాయుల్లో గురిని సులువు చేసింది.

మాన్యువల్ ఎంత పెరిగితే ఆట అంత నిజం అనుకోవడంలోనే పొరపాటుంది. ఆ 37 అడుగుల షాట్ వేసినప్పుడు లిల్లార్డ్ తన మణికట్టును డిగ్రీల్లో కొలుచుకోలేదు. ఏళ్ళ సాధనతో ఆ పని ఒంటికి అప్పగించేశాడు; అతను తేల్చుకున్నది ఇక్కడి నుంచి వెయ్యాలా వద్దా అన్నది మాత్రమే. కాళ్ళూ మణికట్టూ చూసుకునే పనిని ప్రోగ్రాం తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఎవరిని కాయాలి, ఎప్పుడు వదలాలి అన్న నిర్ణయం తీసుకుంటేనే ఒళ్ళు మండుతుంది. డిఫెన్స్‌లో ఆటో స్విచ్ చేసేది సరిగ్గా అదే.

2018లో, నిజమైన ఆటగాళ్ళ బాస్కెట్‌బాల్ లీగ్ నడిపే ఎన్‌బీఏ వాళ్ళే ఈ వీడియో గేమ్‌తో ‘2కే లీగ్’ ప్రారంభించినప్పుడు స్విచ్ అన్న మాటకే చోటు లేకుండా పోయింది. అయిదుగురికి అయిదుగురు మనుషులు, ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క కంట్రోలర్. తొలి ఏడాది 17 జట్లు, 102 మంది ఆటగాళ్ళు, ఆరు నెలల సీజన్‌కు కనీసం 32,000 డాలర్ల జీతం. వాళ్ళలో సెంటర్‌గా ఆడేవాడు ఒక్కోసారి బంతి ముట్టకుండానే దాడి ముగిసిపోయేది. తనవాడికి దారి చేయడానికి ప్రత్యర్థికి అడ్డంగా నిలబడేవాడు, రీబౌండ్ కోసం చోటు కాచుకునేవాడు, మళ్ళీ వెనక్కి పరుగెత్తేవాడు. ముప్ఫై ఏళ్ళుగా ప్రోగ్రాం ఊరికే చేసిపెట్టిన పని అది.