గేమ్ మధ్యలో పీసీ టక్కున ఆఫ్ అవుతోందా? కొత్త పార్ట్ కొనే ముందు ఇవి చెక్ చేయండి

ఒక్కో పార్ట్ ఏరికోరి కొని, యూట్యూబ్ చూస్తూ సొంతంగా బిగించుకున్న గేమింగ్ పీసీ ఆట మధ్యలో ఆగిపోతే ఆ బాధ పడ్డవాళ్లకే తెలుస్తుంది. బ్లూ స్క్రీన్ ఉండదు, ఎర్రర్ మెసేజ్ ఉండదు. ఫ్యాన్లు ఆగిపోతాయి, గదంతా సైలెంట్ అయిపోతుంది. అంతే.

మొన్న ఎండాకాలంలో నా పీసీ నెల రోజుల పాటు ఇదే చేసింది. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డ్, 16 జీబీ ర్యామ్, 550 వాట్ల పవర్ సప్లై. మొదటి ఉద్యోగం జీతంతో కట్టుకున్న మెషీన్ అది. గేమ్ పోతే పోయింది అనుకున్నా. కానీ బీటెక్ ఫైనల్ ఇయర్ చదువుతున్న చెల్లి కూడా అదే పీసీలో త్రీడీ రెండరింగ్ చేస్తుంది. ఒకరోజు రెండర్ మధ్యలో ఆగిపోయి, మళ్లీ ఆన్ చేస్తే ప్రాజెక్ట్ ఫైల్ ఓపెన్ అవ్వలేదు. "అన్నయ్యా, వారంలో సబ్మిషన్ ఉంది" అని అది ఏడుపు ముఖం పెట్టేసరికి, ఇక సీరియస్‌గా తీసుకోక తప్పలేదు.

చివరికి సమస్య దొరికింది. కానీ దొరికేలోపు దాదాపు 28 వేలు పెట్టి కొత్త గ్రాఫిక్స్ కార్డ్ కొనబోయాను. మీరు ఆ తప్పు చేయకూడదనే ఇదంతా రాస్తున్నా.

ముందు, ఎలా ఆగిందో చూడండి

"పీసీ ఆగిపోతోంది" అని అందరం ఒకే మాట అంటాం. కానీ ఆగడంలో రకాలున్నాయి.

బ్లూ స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అయితే ఎక్కువగా డ్రైవర్, ర్యామ్ వైపు చూడాలి. స్క్రీన్ ఫ్రీజ్ అయి, ఫ్యాన్లు మాత్రం తిరుగుతూ ఉంటే గ్రాఫిక్స్ కార్డ్, ర్యామ్, ఓవర్‌క్లాక్ సెట్టింగ్స్ మీద అనుమానం. ప్లగ్ పీకేసినట్టు ఒక్క క్షణంలో ఆఫ్ అయితే మాత్రం కరెంట్ దారినో, విపరీతమైన వేడినో ముందు చూడాలి.

ఆఫ్ అయ్యాక పవర్ బటన్ నొక్కినా ఆన్ కాకుండా, వెనక పవర్ సప్లై స్విచ్ ఆఫ్ చేసి మళ్లీ వేస్తేనే ఆన్ అవుతోందా? అయితే పవర్ సప్లైలోని ప్రొటెక్షన్ సర్క్యూట్ కట్ చేసి ఉండే అవకాశం ఎక్కువ. నా దాంట్లో అలా లేదు. బటన్ నొక్కగానే మామూలుగా ఆన్ అయ్యేది.

ఈవెంట్ వ్యూయర్‌ని సగమే నమ్మండి

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ ఓపెన్ చేసి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్‌లోకి వెళ్తే "కెర్నల్ పవర్, 41" అని ఎర్ర గుర్తుతో ఒక ఎంట్రీ కనిపిస్తుంది. చాలామంది ఇది చూసి పవర్ సప్లై పోయిందని ఫిక్స్ అయిపోతారు. నిజానికి అది చెప్పేది ఒక్కటే: విండోస్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే ఆగిపోయింది. ప్లగ్ మీరే పీకినా అదే ఎంట్రీ వస్తుంది. అందులో డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్ కోడ్ 0 ఉంటే, బ్లూ స్క్రీన్ ఏదీ రికార్డ్ కాలేదని అర్థం. నా దాంట్లో ప్రతిసారీ 0నే.

వేడి, లోడ్ టెస్టులు

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఫ్రీ టూల్ వేసుకుని లాగింగ్ ఆన్ చేయండి. పీసీ ఆగిపోయినా, ఆగడానికి ముందు ఎంత టెంపరేచర్ ఉందో ఆ ఫైల్లో మిగులుతుంది. ఇప్పటి ప్రాసెసర్లు వేడెక్కితే ముందు స్పీడ్ తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి ఆగకపోతేనే ఆఫ్ అవుతాయి. కూలర్ సరిగ్గా కూర్చోలేదా, కూలర్ అడుగున ప్లాస్టిక్ కవర్ తీయడం మర్చిపోయామా అన్నది ఇక్కడే తేలుతుంది. నా ప్రాసెసర్ 76 డిగ్రీలు, గ్రాఫిక్స్ కార్డ్ 71. రెండూ ఓకే.

తర్వాత లోడ్‌ని విడగొట్టి టెస్ట్ చేయాలి. ప్రాసెసర్‌కి మాత్రమే సినీబెంచ్, గ్రాఫిక్స్ కార్డ్‌కి మాత్రమే ఫర్‌మార్క్, రెండింటికీ కలిపి ఓసీసీటీలోని పవర్ టెస్ట్. దేనికి ఆగుతుందో దాన్నిబట్టి అనుమానం సన్నబడుతుంది. ర్యామ్ కోసం మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి, రాత్రంతా వదిలేయండి.

కేబుల్స్ కూడా చూశా. మదర్‌బోర్డ్‌కి వెళ్లే 24 పిన్, ప్రాసెసర్ పక్కన ఉండే 8 పిన్, గ్రాఫిక్స్ కార్డ్ కనెక్టర్, అన్నీ తీసి క్లిక్ సౌండ్ వచ్చేదాకా మళ్లీ నొక్కాను. క్యాబినెట్ పవర్ బటన్ ఇరుక్కుపోయినా పీసీ దానంతటదే ఆఫ్ అవుతుంది. అందుకే మదర్‌బోర్డ్ నుంచి ఆ చిన్న వైర్ పీకేసి కూడా చూశాను. మదర్‌బోర్డ్ కింద అవసరం లేని చోట స్టాండాఫ్ స్క్రూ ఏదైనా ఉండి షార్ట్ అవుతోందేమో అనీ చూశా. ఏమీ లేదు.

అన్ని టెస్టులూ పాస్. నాకు పిచ్చెక్కినంత పని అయింది.

షాపులో బాగానే నడిచింది

క్యాబినెట్ ఎత్తుకుని ఒక సర్వీస్ షాపుకి వెళ్లాను. అక్కడ గంటసేపు గేమ్ రన్ చేశారు. ఒక్కసారి కూడా ఆగలేదు. అయినా ఆయన "గ్రాఫిక్స్ కార్డే అయ్యుంటుంది సార్, మార్చేయండి" అన్నాడు. నేనూ ఆన్‌లైన్‌లో రేట్లు చూడటం మొదలుపెట్టాను.

క్లూ అక్కడే ఉంది. నేనే పట్టుకోలేకపోయా. క్యాబినెట్ షాపుకి వెళ్లినప్పుడు ఇంట్లో మిగిలిపోయేవి ఏంటి? గోడ సాకెట్, ఎక్స్‌టెన్షన్ బాక్స్, యూపీఎస్.

ఆ రాత్రి మళ్లీ ఆగిపోయినప్పుడు వంటింట్లోంచి అమ్మ అంది: "ఒరేయ్, ఆ డబ్బా టక్కుమన్నప్పుడే కదరా నీది ఆగిపోయేది. మధ్యాహ్నం పూట ఎప్పుడూ అనదు."

డబ్బా అంటే యూపీఎస్. నేను హెడ్‌సెట్ పెట్టుకుని ఆడతా కాబట్టి ఆ సౌండ్ ఒక్కసారి కూడా వినలేదు. నా టెస్టులన్నీ శని, ఆదివారాల్లో మధ్యాహ్నం చేశా. ర్యామ్ టెస్ట్ రాత్రంతా నడిచింది కానీ, అందులో గ్రాఫిక్స్ కార్డ్ మీద లోడే ఉండదు. పీసీ ఆగేదేమో రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య, మా అపార్ట్‌మెంట్‌లో ఏసీలన్నీ ఆన్ అయ్యాక.

లెక్క వేస్తే అర్థమైంది

ప్లగ్‌లో పెట్టే చిన్న వోల్ట్ మీటర్ తెచ్చి చూశా. పగలు 228 వోల్టులు. రాత్రి తొమ్మిదికి 184. వోల్టేజ్ అలా పడినప్పుడు యూపీఎస్ లోపల రిలే మారి వోల్టేజ్ పెంచుతుంది, లేదంటే బ్యాటరీ మీదికి వెళ్తుంది. టక్కుమనే సౌండ్ అదే. మారే ఆ కొన్ని మిల్లీసెకన్లు కరెంట్ ఉండదు. పవర్ సప్లైలోని కెపాసిటర్లు ఆ ఖాళీని మోయాలి. లోడ్ తక్కువుంటే సులువుగా మోస్తాయి, ఫుల్ లోడ్‌లో త్వరగా ఖాళీ అయిపోతాయి.

ఇక కెపాసిటీ. నా యూపీఎస్ 600 వీఏ. వీఏ అంటే వాట్లు కాదు. వెనక స్టిక్కర్ మీద చిన్న అక్షరాల్లో 360 వాట్లు అని ఉంది. ప్రాసెసర్ గరిష్ఠంగా 76 వాట్లు, గ్రాఫిక్స్ కార్డ్ 170, మిగతావన్నీ కలిపి 50 వేసుకుంటే దాదాపు 300. పవర్ సప్లై ఎఫిషియెన్సీ 85 శాతం అనుకుంటే యూపీఎస్ నుంచి లాగేది 350 వాట్లు. గ్రాఫిక్స్ కార్డ్ క్షణకాలం లాగే స్పైక్‌లు దీనికి అదనం. పాత ఆఫీస్ కంప్యూటర్ కోసం కొన్న, మూడేళ్లు దాటిన బ్యాటరీ ఉన్న యూపీఎస్ మీద ఈ బరువు పెట్టింది నేనే.

కన్ఫర్మ్ చేసుకోవడానికి ఫైల్స్ అన్నీ సేవ్ చేసి రెండు టెస్టులు చేశా. పగలే, డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు యూపీఎస్ ప్లగ్ స్విచ్ ఆఫ్ చేస్తే పీసీ నడుస్తూనే ఉంది. గేమ్ ఆడుతూ ఆఫ్ చేస్తే ఆ క్షణమే పోయింది. తర్వాత రెండు రాత్రులు పీసీని నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి ఆడా. 184 వోల్టుల్లోనూ ఒక్కసారీ ఆగలేదు.

గ్రాఫిక్స్ కార్డ్ కొనలేదు. ఆరు వేల చిల్లరతో 1100 వీఏ, 660 వాట్ల యూపీఎస్ తెచ్చా. చెల్లి ఫైల్‌ని బ్యాకప్ కాపీ నుంచి తెచ్చుకున్నాం, రెండు రోజుల పని మాత్రం మళ్లీ చేసింది. కొత్త యూపీఎస్ మీద ఫైనల్ రెండర్ ఒకే సిట్టింగ్‌లో పూర్తయింది.

మీరు ఈ ఆర్డర్‌లో వెళ్లండి

1. ముఖ్యమైన ఫైల్స్ ముందు బ్యాకప్ తీయండి. సడెన్‌గా ఆగడం డేటాకి మంచిది కాదు.
2. ఎప్పుడు, ఏం చేస్తుంటే, ఎలా ఆగిందో మూడు నాలుగు సార్లు రాసుకోండి.
3. యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ పక్కన పెట్టి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి చూడండి. పైసా ఖర్చు లేని టెస్ట్ ఇదే.
4. తర్వాత టెంపరేచర్ లాగ్, విడివిడి లోడ్ టెస్టులు, కేబుల్స్. సమస్య వచ్చే టైమ్‌లోనే టెస్ట్ చేయండి.
5. అప్పటికీ ఆగుతుంటే ఫ్రెండ్ దగ్గర పవర్ సప్లై అడిగి పెట్టి చూడండి. కేబుల్స్ కూడా దానివే వాడాలి. మాడ్యులర్ కేబుల్స్ ఒకేలా కనిపించినా పిన్‌ల వరుస వేరుగా ఉండొచ్చు, తేడా వస్తే ఎస్‌ఎస్‌డీలు కాలిపోతాయి.
6. పవర్ సప్లై డబ్బా మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్ తీసేసినా లోపల కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జ్ ఉంటుంది.

ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు మారిస్తే సమస్య పోయినా దేనివల్ల పోయిందో తెలియదు. ఇంకో మాట, పీసీ ఆగినప్పుడు ఇంట్లోవాళ్లు ఏదైనా చెబితే హెడ్‌సెట్ తీసి వినండి. నేను వినుంటే నెల రోజులు మిగిలేవి.