ఒక ఊరి ఎక్స్‌టెన్షన్ నుంచి మరో ఊరి ఎక్స్‌టెన్షన్‌కు

ఒకే భవనంలో ఇ.పి.ఎ.బి.ఎక్స్. ఎలా పనిచేస్తుందో మీకు తెలుసు. ఇప్పుడు వేర్వేరు ఊళ్లలో ఉన్న కార్యాలయాల ఎక్స్ఛేంజీలను కలిపి, ఎస్.టి.డి. కోడ్‌తో పని లేకుండా నేరుగా ఎక్స్‌టెన్షన్ నంబరు నొక్కి మాట్లాడుకునే ఏర్పాటు ఎలా చేయాలో చూద్దాం.

ఇది మనకు కొత్తేమీ కాదు. రైల్వే క్వార్టర్లలో పెరిగినవారికి 'రైల్వే ఫోను' గుర్తుండే ఉంటుంది. కోల్‌కతా గార్డెన్ రీచ్‌లోని ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం నుంచి ఖరగ్‌పూర్‌కు, 2003 వరకు ఆ రైల్వేలోనే ఉన్న వాల్తేరు డివిజన్‌కు బయటి ఫోను నంబరు అవసరం లేకుండానే మాట్లాడుకునేవారు. అంతకు చాలా ముందు, 1882లో కలకత్తా కౌన్సిల్ హౌస్ వీధిలో 93 మంది చందాదారులతో మొదలైన ఎక్స్ఛేంజిలో ప్రతి కాల్‌నూ ఆపరేటరే చేత్తో కలపాలి. ఇప్పుడు ఆ పనిని ఎక్స్ఛేంజిలో మనం రాసిపెట్టే పట్టిక చేస్తుంది.

ఒక సంస్థను ఊహించుకోండి. ప్రధాన కార్యాలయం డల్హౌసీలో, గోదాము హౌరాలో, శాఖ ఖరగ్‌పూర్‌లో. మూడు చోట్లా ఎక్స్‌టెన్షన్లు 201తోనే మొదలవుతాయి. మరి 201 నొక్కితే ఎవరు ఎత్తాలి? అందుకే ముందు ఒక అంకె చేర్చాలి. కోల్‌కతాకు 2, హౌరాకు 3, ఖరగ్‌పూర్‌కు 4 అనుకుంటే అవి 2201, 3201, 4201 అవుతాయి. చివరి మూడంకెలు మారవు కనుక సిబ్బంది తికమకపడరు. అయితే బయటి లైనుకు వాడే 0, ఆపరేటరుకు వాడే 9, అత్యవసర నంబర్లయిన 101, 112 మొదలయ్యే 1 – వీటిని శాఖలకు కేటాయించవద్దు.

తరువాత, ఎక్స్ఛేంజీల మధ్య దారి కావాలి. ఇ1 లీజు లైను మీద ఒకేసారి 30 సంభాషణలు సాగుతాయి. ఐ.పి. దారిలో అయితే జి.711 పద్ధతికి ఒక్కో కాల్‌కు ఇటూ అటూ 80 కిలోబిట్లకు పైగా, జి.729కి సుమారు 30 లెక్కవేసుకోండి. మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటితే ఒకరి మాట మీద ఒకరి మాట పడుతుంది.

ఇక పట్టిక. '4తో మొదలై నాలుగంకెలున్న నంబరును ఖరగ్‌పూర్ దారికి పంపు' అని కోల్‌కతా ఎక్స్ఛేంజికి చెప్పాలి. అక్కడి ఫోన్లకు ఇంకా మూడంకెలే ఉంటే ముందున్న 4ను తీసేసి పంపాలి. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. పిలిచినవారి నంబరుకు 2 చేర్చి పంపకపోతే, మిస్డ్ కాల్ చూసి ఖరగ్‌పూర్ గుమాస్తా 201 నొక్కుతాడు. ఆయన పక్క బల్ల మీది ఫోనే మోగుతుంది!

ఇంకో పొరపాటు మరీ ప్రమాదం. తనకు తెలియని నంబరునల్లా ఖరగ్‌పూర్ ఎక్స్ఛేంజి తిరిగి కోల్‌కతాకు పంపేలా పెట్టారనుకోండి. ఎవరో లేని నంబరు 4999 నొక్కితే, ఆ కాల్ రెండు ఊళ్ల మధ్య బంతిలా తిరుగుతూ చానళ్లన్నీ మింగేస్తుంది. టై లైను మీద వచ్చిన కాల్‌ను అదే దారిన వెనక్కు పంపరాదన్న నియమం తప్పక పెట్టండి.

బయటి లైన్లన్నీ కోల్‌కతాలోనే ఉంచితే అద్దె మిగులుతుందని కొందరు సలహా ఇస్తారు. ఒప్పుకోకండి. రాత్రి ఖరగ్‌పూర్ శాఖలో పొగ చూసిన కాపలాదారు 101 నొక్కితే, ఆ కాల్ వందకు పైగా కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతాలో బయటికి వెళుతుంది. అక్కడి అగ్నిమాపక కేంద్రానికి చిరునామా వివరించేసరికి ఎంత ఆలస్యమో ఆలోచించండి. ప్రతి శాఖకూ కనీసం ఒక స్థానిక లైను ఉండి తీరాలి. విద్యుత్తు పోయినప్పుడు ఆ లైనును నేరుగా ఒక ఫోనుకు కలిపే సదుపాయం చాలా ఎక్స్ఛేంజీల్లో ఉంటుంది. ఆ ఫోను కాపలాదారు గదిలో పెట్టండి. పైగా బయటి కాల్స్‌ను సొంత దారుల మీద ఊళ్లు దాటించడానికి మన దేశంలో నిబంధనలున్నాయి. లైను ఇచ్చే సంస్థను అడిగి, జవాబు లిఖితపూర్వకంగా తీసుకోండి.

పరీక్షించేటప్పుడు 101ను ఊరికే నొక్కకండి. ఖరగ్‌పూర్ ఫోను నుంచి మీ మొబైల్‌కు చేయండి. 2021 జనవరి నుంచి ల్యాండ్‌లైనులో మొబైల్ నంబరుకు ముందు 0 కావాలి కనుక, బయటి లైనుకు ఒక 0, తరువాత మరో 0 నొక్కాలి. మీ తెర మీద 03222తో నంబరు కనిపిస్తే అది స్థానిక లైనే. 033 కనిపిస్తే కాల్ కోల్‌కతా మీదుగా వచ్చిందన్నమాట. 101, 112లను కూడా ఆ స్థానిక లైనుకే రాశారో లేదో పట్టికలో చూసి, ఆ తరువాతే టై లైను తీగ పీకి మిగతా పరీక్షలు మొదలుపెట్టండి.